నల్లబల్ల మీద ఉమాపతి మాట

పుంగనూరు బస్టాండు దాటి సోమల దారి పట్టి నాలుగడుగులు వేస్తే ఎడమచేతి పక్క ఉమాపతి రేడియో అంగడి. అంగడంటే ఒక రేకుల గది, ఒక బల్ల, పొట్టలు విప్పి పడుకోబెట్టిన రేడియోలు ఓ పాతిక. పనికన్నా పేరు పెద్దది. ఆ పేరు కూడా రేడియోలు బాగుచేసినందుకు వచ్చింది కాదు, వాకిట్లో వేలాడే నల్లబల్ల వల్ల వచ్చింది.

తొంభై రెండులో, ఇంటింటికీ టీవీలు వచ్చి రేడియోల పని సగానికి పడిపోయినప్పుడు, మూతపడిన ఒక ట్యూషన్ నుంచి ఆ బల్ల తెచ్చుకున్నాడు. పొద్దున మొదటి బస్సులో పేపరు దిగగానే ఉమాపతి మొదటి పేజీ చూసేవాడు కాదు. లోపలెక్కడో, పెళ్లి సంబంధాల ప్రకటనల పైన మూలకు వేసే వింత వార్త కోసం వెతికేవాడు. దాన్ని తెల్ల సుద్దతో బల్ల మీద రాసేవాడు. కింద గులాబీ సుద్దతో గీత గీసి, ‘ఉమాపతి మాట’ అని పెట్టి తన అభిప్రాయం రాసేవాడు. బస్సు దిగినవాళ్లు ఆగేది ఆ గులాబీ గీత కింది మాట కోసమే.

జపానులో అరచేతిలో ఇమిడే బొమ్మ ఒకటి వచ్చిందనీ, ఆకలేస్తే అది కూత పెడుతుందనీ, పట్టించుకోకపోతే చచ్చిపోయినట్టు చూపిస్తుందనీ ఒకసారి రాశాడు. కింద ఉమాపతి మాట: ‘మన పశువులకు ఆ కూత లేకపోయింది.’ కంప్యూటర్లో పుస్తకాలు అమ్మే కంపెనీ ఒకటి ఏటా నష్టాల్లోనే ఉన్నా దాని వాటాల ధర మాత్రం పెరుగుతూనే ఉందని తొంభై తొమ్మిదిలో వార్త వచ్చింది. ‘మా ఎదురుగా ఉన్న దొరస్వామి టీ అంగడిలో కూడా నష్టమే. వాటాలు కావలసినవారు త్వరపడండి.’ ఆ రోజు దొరస్వామి చేతిలో టీ వడకట్టే గుడ్డతోనే రోడ్డు దాటి వచ్చి, “నా అంగడి మానం తీస్తాండావు గదప్పా!” అని తిట్టాడు. తిట్టి, మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లందరికీ తనే ఆ బల్ల చూపించాడు. ఏడాదిని రెండంకెల్లో రాసిన పాపానికి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఆ డిసెంబరులో లోకం గుండెలు బాదుకుంటుంటే, ‘సంవత్సరం సగమే రాసినవాడు జీతం మాత్రం పూర్తిగా తీసుకున్నాడు’ అన్నాడు ఉమాపతి. కంప్యూటర్లో ఉత్తరాలు ఉచితంగా చేరవేస్తామని కంపెనీలు పోటీ పడుతున్న వార్త కింద రాసిన మాటైతే పుంగనూరులో సామెత అయిపోయింది. ‘ఊరికే గడ్డి వేసేవాడు పాలు పిండుకోవడానికే వేస్తాడు.’

ఇంత తెలివి ఉన్న మనిషికి ఒకటే జబ్బు. ‘తెలీదు’ అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కోర్టు నోటీసైనా, మందు సీసా మీది చీటీ అయినా, బ్యాంకు కాగితమైనా జనం ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివి చెప్పేవాడు. ఇంటర్మీడియట్ తప్పింది ఇంగ్లీషులోనే అని ఊరికి తెలియదు. అర్థమైనంత వరకు చదివేవాడు, మిగిలింది అల్లేవాడు. ఆయన అల్లికలు చాలాసార్లు నిజానికి దగ్గరగానే ఉండేవి, అదే ఆయన కొంప ముంచింది. “తెలీదంటే నోట్లోంచి ముత్యాలు రాల్తాయా?” అని ఆయన భార్య యశోదమ్మ నెత్తి కొట్టుకునేది. ఉమాపతి నవ్వి ఊరుకునేవాడు.

ఆయన మాటను వేదంలా నమ్మినవాళ్లలో గౌరమ్మ ఒకతి. సోమల దారిలో రెండు మైళ్ల అవతలి పల్లె. భర్త పోయాడు, పిల్లలు లేరు. సోమవారం సంతకు కరివేపాకు, అనపకాయలు గంపలో తెచ్చుకునేది. తిరిగి పోతూ అంగడి మెట్టు మీద కూర్చుని, “ఈ పొద్దు బోర్డులో ఏముండాది అప్పా?” అని అడిగేది. ఆమెకు చదువు రాదు. ఉమాపతి వార్త చదివి, మాట చదివి వినిపిస్తే, సగం అర్థమై సగం కాక, చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

గౌరమ్మకు ఒక ఆవు ఉండేది. అసలైన పుంగనూరు పొట్టి ఆవు. నిలబడితే గౌరమ్మ నడుముకు వచ్చేది. తెల్లటి ఒళ్లు, నొసట చింతగింజంత నల్ల మచ్చ, ఎడమ చెవికి చిన్న చీలిక. దాని పేరు చిన్నక్క. ఊళ్లోకి పెద్ద పాల ఆవులు, వాటి సూదుల డాక్టర్లు వచ్చాక పొట్టి ఆవులను పెంచేవాళ్లు తగ్గిపోయారు. ఆవులైనా అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి గానీ, అదే జాతి ఆబోతు కంటికి కనిపించడం మానేసింది. చిన్నక్క ఎదకు వచ్చినప్పుడల్లా గౌరమ్మ దాన్ని తోలుకుని మైళ్ల కొద్దీ నడిచేది. మూడు మండలాలు తిరిగింది. చిన్నక్కకు ఒక్క దూడ, అదే పొట్టి దూడ, తన కళ్ల ముందు పుట్టాలి. గౌరమ్మ ఈ లోకంలో కోరుకున్నది అంతే.

రెండు వేల సంవత్సరం ఆగస్టులో కుప్పం నుంచి బాలాజీ వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు. మెడకు టై, చేతిలో కెమెరా, సంకలో ఇంగ్లీషు కాగితాల కట్ట. బెంగళూరులో కొత్తగా పెట్టిన ‘సంతవాకిలి డాట్ కామ్’ అనే కంపెనీలో ఉద్యోగం. పల్లెల్లోని పశువులు, బండ్లు, పాత సామాన్ల ఫొటోలు కంప్యూటర్లో పెడితే లోకమంతా చూస్తుందనీ, రైతు పైసా ఇవ్వక్కర్లేదనీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. గౌరమ్మ అతన్ని ఒక్కటే అడిగింది. “ఆబోతు యాడుండాదో అందులో తెలస్తాదా నాయనా?”

“లోకంలో యాడున్నా సరే అవ్వా, సూసినోళ్లే మనకు జాబు రాస్తారు” అన్నాడు బాలాజీ. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి ఆ కంపెనీ వాళ్లు చెప్పింది అంతే.

గౌరమ్మ ఆ కాగితం తీసుకుని, బాలాజీని వెంటబెట్టుకుని ఉమాపతి దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషులో రెండు పేజీలు. మొదటి పేజీలో పేరు, ఊరు, పశువు వివరం, ఫొటో అంటించే చోటు. అది ఉమాపతికి బాగానే అర్థమైంది. రెండో పేజీ మొత్తం చీమల బారులా సన్న అక్షరాలు. ఒక్కో వాక్యం ఆరు వరసలు. మొదటి వాక్యం రెండుసార్లు చదివాడు. తల ఎత్తితే ఎదురుగా గౌరమ్మ, పక్కన టై కట్టుకున్న పిల్లవాడు, అవతల టీ అంగడి దగ్గర నలుగురు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఉమాపతి పేజీ తిప్పాడు.

“ఏముండాది అప్పా?” అంది గౌరమ్మ.

“ఏముండాది, ఫొటో పెట్టుకునేదానికి నువ్వు ఒప్పుకుంటాండావని. మిగతాదంతా కంపెనీ గొప్పలు.”

“అమ్మేదానికి కాదు గదా?”

ఉమాపతి నవ్వాడు. “పలుపు మార్చకుండా బేరం యాడవుతాది అక్కా? కంప్యూటర్ కు పలుపు కట్టేదానికి చేతులుండాయా?”

ఆ పక్క పల్లెల్లో పశువు బేరం మాటతో కుదరదు, డబ్బుతోనూ కుదరదు. కొనేవాడు తన పలుపు తాను తెచ్చుకోవాలి. అమ్మేవాడు తన చేత్తో పాత పలుపు విప్పుకుని ఇంటికి తీసుకుపోవాలి. పశువును అమ్మినా పలుపు అమ్మరు. ఆ తాడు మారేదాకా ఎవరైనా వెనక్కి పోవచ్చు, సంతలో ఎంత గడుసు దళారీ అయినా నోరెత్తడు. గౌరమ్మకు తెలిసిన చట్టం అది. ఉమాపతికి తెలిసిందీ అదే. లోకంలో ఎక్కడి బేరానికైనా ఒక పలుపు ఉంటుందనే ఇద్దరూ అనుకున్నారు.

గౌరమ్మ వేలిముద్ర వేసింది. కింద సాక్షి అని ఉన్నచోట ఉమాపతి ఇంగ్లీషులో, తోక పొడుగ్గా లాగి సంతకం పెట్టాడు. తన వెనక వాకిట్లో ‘ఊరికే గడ్డి వేసేవాడు’ అన్న మాట రాసిన బల్లే వేలాడుతోందని ఆ క్షణంలో ఆయనకు తోచలేదు. ఎదుటివాళ్లకు చెప్పడానికే పనికొచ్చే తెలివి అది.

ఇరవై రోజులకు వ్యాన్ వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి గౌరమ్మ పల్లె నుంచి ఒకాయన సైకిల్ మీద వచ్చి ఉమాపతిని ఎక్కించుకుపోయాడు. వెళ్లేసరికి గౌరమ్మ వాకిట్లో ఊరు ఊరంతా ఉంది. బాలాజీ తల వంచుకుని నిలబడ్డాడు. చేతిలో కొత్త నైలాన్ తాడు, పసుపు రంగుది, ఒక కవరు, ఆ రెండు పేజీల కాగితం. చిన్నక్క గాటి దగ్గర నెమరు వేస్తోంది.

“నేనేం సేసేది అన్నా,” అన్నాడు బాలాజీ, ఉమాపతిని చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు. “కంప్యూటర్లో ఎవరో వేలం పాట పాడి కొనేసినారు. రెండో పేజీలో రాసుండాది. పాట ముగిస్తే ఇచ్చేయాల్సిందే, లేకపోతే కోర్టంట. నీ సంతకం కూడా ఉండాది సూడు.”

గౌరమ్మ ఉమాపతి వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు. ఆయన వచ్చాడు, ఇప్పుడు అంతా సరిపోతుందన్న ధీమా ఉంది. “నువ్వు సదివినావు గదప్పా. ఇట్లా ఉండాదా అందులో?”

నిజం చెప్పడానికి అదే అదను. నాకు అర్థం కాలేదక్కా, అర్థమైనట్టు చెప్పాను, తప్పు నాది, ఈ కాగితం చెల్లదు అని ఉంటే ఊరు ఆమె పక్క నిలబడేది. బాలాజీ కూడా వ్యాన్ తిప్పుకుని పోవడానికి సిద్ధంగానే ఉన్నాడు, వాడి కళ్లు ఆ మాట కోసమే వెతుకుతున్నాయి. కానీ వాకిట్లో నలభై మంది ఉన్నారు. అందరూ బల్ల చదివేవాళ్లే. ఉమాపతి కాగితం అందుకుని, రెండో పేజీ పైనుంచి కిందికి చూసినట్టు చూసి అన్నాడు.

“ఉండాది అక్కా. ఆ పొద్దు నేను సదివి సెప్పినాను గదా. నువ్వే మరిసిపోయినట్టుండావు.”

గౌరమ్మ ఆయన మొహం వైపు కొంచెంసేపు చూసింది. తరువాత కిందికి చూసింది. “అట్లనా అప్పా... ఏమో, నా మతి నా కాడ ఉంటే గదా” అంది.

తన చేత్తోనే పాత పలుపు విప్పింది. బాలాజీ నైలాన్ తాడు కట్టాడు. వ్యాన్ వెనక చెక్క వాలుగా వేశారు గానీ చిన్నక్క ఎక్కలేదు, నలుగురు నెట్టినా ఎక్కలేదు. చివరికి గౌరమ్మే ముందు వ్యాన్ లోకి ఎక్కి పిలిచింది. చిన్నక్క ఆమె వెనకాలే బుద్ధిగా ఎక్కింది. దాన్ని అక్కడ కట్టేదాకా నుదురు నిమురుతూ నిలబడి, గౌరమ్మ పక్కనుంచి దిగిపోయింది. డబ్బు కవరు ఆమె చేతిలో పెట్టింది ఎవరో ఆమెకు గుర్తులేదు.

ఆ మర్నాడూ బల్ల మీద వార్త వచ్చింది. ఉమాపతి మాట మాత్రం రాలేదు. ఆ మర్నాడూ అంతే. వారం తరువాత దొరస్వామి వచ్చి, “ఏమప్పా, గులాబీ సుద్ద అయిపోయిందా? నేను కొనిస్తాను లే” అన్నాడు.

ఆరు నెలలు తిరక్కుండానే డాట్ కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్నాయని పేపర్లో మొదటి పేజీకే వచ్చింది. ఒకప్పుడైతే ఉమాపతికి అది పండగ. ఆ రోజు బల్ల తుడిచి, ఏమీ రాయకుండా మదనపల్లె బస్సు ఎక్కాడు. అక్కడ బస్టాండు వెనక మేడ మీద ఇంటర్నెట్ సెంటర్ ఉంది. నీరజ అనే అమ్మాయి నడుపుతోంది. గంట కూర్చుంటే ఇంత అని తీసుకుంటుంది. ఉమాపతి చీటీ మీద రాసుకొచ్చిన కంపెనీ పేరు ఆమె కొట్టి చూసింది. తెర మీద తెల్లగా ఒక పేజీ వచ్చింది, అందులో రెండు వరసలు.

“అది లేదు సార్,” అంది.

“లేదంటే యాడికి పోయినట్టు?”

“యాడికీ పోదు సార్. అంతే, లేకుండా పోతాది.”

ఇంత పెద్ద లోకాన్ని చూపిస్తామన్న అంగడికి పాడుపడిన గోడైనా మిగలలేదు. పోయి తలుపు తట్టడానికి తలుపు లేదు. సంతలో మోసం చేసినవాణ్ణి వచ్చే సోమవారం చొక్కా పట్టుకోవచ్చు. ఉమాపతి అక్కణ్ణుంచి కుప్పం పోయి బాలాజీని కూడా పట్టుకున్నాడు. వాడు మూడు నెలల జీతం రాక, మెడలో టై తీసేసి, ఫోన్ కార్డులు అమ్ముకుంటున్నాడు. “కొన్నోడి పేరు నాకు సెప్పలేదన్నా. బెంగళూరులో ఒక గేటు ముందర దింపేసి రమ్మన్నారు, దింపేసి వచ్చినాను” అన్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గౌరమ్మ మాత్రం సోమవారం సోమవారం వస్తూనే ఉంది. మెట్టు మీద కూర్చుని, “నా సిన్నక్క మాట ఏమన్నా వచ్చిందా అప్పా?” అని అడిగేది. ఉమాపతి ఏదో ఒకటి చెప్పేవాడు. బాగుందట. మేత బాగా దొరుకుతుందట. ఒకసారి, దొరస్వామి వింటుండగా, ఆబోతును కూడా వెతుకుతున్నారట అని చెప్పాడు. గౌరమ్మ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “పలుపు నా కాడే ఉండాదప్పా. ఆముదం రాసి పెట్టినాను. తాడు ఉన్నంతకాలం అది నాదే” అంది. అలా నాలుగేళ్లు గడిచాయి. నాలుగేళ్లూ వారానికొక అబద్ధం. మనిషి సన్నబడ్డాడు, జుట్టు నెరిసింది. దేనికని యశోదమ్మ ఎంత అడిగినా చెప్పలేదు.

రెండు వేల నాలుగు నవంబరులో ఒక మంగళవారం పొద్దున, పెళ్లి సంబంధాల పైన, వింత వార్తల మూలలో, ఫొటోతో సహా వచ్చింది. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తన ఆవరణలోని పచ్చికలో ముచ్చటకు ఒక పొట్టి ఆవును పెంచుకుంటోందట. వచ్చిన విదేశీ అతిథులంతా దానితో ఫొటో దిగేవాళ్లట. కంపెనీ వార్షికోత్సవం నాడు ఉద్యోగులు ముద్దుచేసి దానికి తలా ఒక కేకు ముక్క తినిపించారట. మూడొందల మంది. కడుపుబ్బి రెండో రోజుకు చచ్చిపోయిందట. కంపెనీ ఒక నిమిషం మౌనం పాటించిందట. ఫొటోలో ఆవు మెడకు రంగు కాగితాల దండ ఉంది. నొసట చింతగింజంత మచ్చ. ఎడమ చెవికి చీలిక.

పన్నెండేళ్లు ఇలాంటి వార్తల కోసమే వెతికిన మనిషి. దొరస్వామి పంపిన టీ చల్లారిపోయింది. ఉమాపతి ఆ పేపరు మడిచి చొక్కా లోపల పెట్టుకుని, అంగడి మూసి, గౌరమ్మ పల్లెకు నడిచే పోయాడు. రెండు మైళ్లూ రెండు మాటలు కూడబలుక్కుంటూ పోయాడు. చిన్నక్క పోయిందని ఒకటి. ఆ కాగితం నేను చదవలేదు, నువ్వు మరిచిపోలేదు అని రెండోది.

గౌరమ్మ వాకిట్లో అనపకాయలు వలుస్తోంది. గోడకు మేకు మీద పలుపు చుట్టగా వేలాడుతోంది, ఆముదంతో నల్లగా మెరుస్తూ. సోమవారం కాని రోజు, తన ఇంటికి ఆయన రావడం చూసి ఆమె చేటను పక్కన పెట్టింది.

“నా సిన్నక్క మాట ఏమన్నా వచ్చిందా అప్పా?”

చొక్కా లోపల పేపరు ఒంటికి గుచ్చుకుంటోంది. ఉమాపతి నోరు తెరిచాడు. కూడబలుక్కున్నవి రెండూ రాలేదు.

“తెలీదక్కా” అన్నాడు.

గౌరమ్మ కదలకుండా ఆయన మొహం చూసింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినడం ఆమెకు అదే మొదలు. మెల్లగా అడిగింది.

“ఎప్పుడు సచ్చిపోయిందప్పా?”

ఉమాపతి కింద కూర్చున్నాడు. పేపరు తీయలేదు, కేకు సంగతి చెప్పలేదు. “పోయిన వారం” అన్నాడు.

“ఒక దూడన్నా ఏసిందా?”

“తెలీదక్కా” అన్నాడు మళ్లీ. ఈసారి నిజంగానే తెలియదు.

గౌరమ్మ లేచి, మేకు మీది పలుపు తీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముడి దగ్గర చిన్నక్క మెడ వెంట్రుకలు ఇంకా రెండో మూడో అంటుకుని ఉన్నాయి. వాటిని గోటితో ఊడదీయబోయి మానుకుంది.

“నిన్ను అనుకోను లేప్పా,” అంది. “నువ్వు సదివి సెప్పినావు. నేనే మరిసిపోయినా. ఆ పొద్దు నాకు మతి ఉండింటే నా బిడ్డ నా వాకిట్లోనే ఉండేది.”

ఇంకా ఆలస్యం కాలేదు. వాకిట్లో ఇద్దరే ఉన్నారు, చూసేవాళ్లు ఎవరూ లేరు. ఉమాపతి ఆ రెండో మాట చెప్పలేదు. గౌరమ్మ మళ్లీ చేట ఒళ్లోకి లాక్కుని అనపకాయలు వలవడం మొదలుపెట్టింది. ఆయన కూడా ఒక గుప్పెడు తీసుకుని, తల ఎత్తకుండా, ఎండ వాలేదాకా ఆమె పక్కన కూర్చుని వలిచి పెట్టి వచ్చాడు.